గాలే స్ప్రింగు

పాత స్పీకరు బొంగురుపోయిందని చెత్తబుట్ట పక్కన పెట్టేసేవాళ్లను అమెరికాలో చాలామందిని చూశాను. పారేసే ముందు ఒక్కసారి గ్రిల్లు గుడ్డ ఊడదీసి చూడండని నా మనవి. చాలాసార్లు పాడైంది ఊఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకరు) కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు ఒక్కటే. అది పాలీయురెథేన్. తేమకి పదిహేను ఇరవై ఏళ్లలో చివికి, వేలు తగిలితే నల్లటి జిగటపొడిగా రాలిపోతుంది. అయస్కాంతం, తీగచుట్ట, కోను మాత్రం నిక్షేపంగా ఉంటాయి.

నా దగ్గరున్నవి ఏఆర్-3ఏ స్పీకర్లు. డెబ్బయిల్లో న్యూజెర్సీ వచ్చి స్థిరపడిన ఒక డాక్టరుగారు ఇల్లు మారుతూ ఇచ్చారు. "ఘంటసాలని వీటిల్లోనే విన్నామయ్యా, పారేయడానికి చేతులు రావడంలేదు. బాగుచేస్తానంటే పట్టుకెళ్లు" అన్నారు. ఒక్కోటి ఇరవై నాలుగు కిలోలు, వాల్‌నట్ చెక్క.

వీటి మూలం 1954లో ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీలో ఎడ్గర్ విల్చర్ ధ్వని గురించి పాఠం చెబుతుంటే, సైన్యంలో పనిచేస్తున్న హెన్రీ క్లాస్ అనే కుర్రాడు వచ్చి వినేవాడు. ఇద్దరూ కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకూస్టిక్ రిసెర్చ్ (ఏఆర్) కంపెనీ పెట్టారు. అప్పట్లో లోతైన బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. కోనుని వెనక్కి లాగే బిగువు అంచుల్లో ఉండేది. విల్చర్ ఆ అంచుని వదులు చేసి, చిన్న పెట్టెని గాలి పోకుండా మూసేశాడు. లోపల చిక్కిన గాలే స్ప్రింగయింది. ఎంత గొప్ప ఆలోచన! 1967లో వచ్చిన 3ఏ కూడా దానిమీద నడిచేదే.

ఇక బాగుచేసే పనికొస్తే, పాత జిగురు గీకడానికే ఎక్కువ ఓపిక కావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కోను కాగితం చిరక్కుండా మొద్దు కత్తితో కొద్దికొద్దిగా లేపాలి. కొత్త ఫోమ్ అంటించేటప్పుడు తీగచుట్ట అయస్కాంతం సందు మధ్యలో నిలవాలి. కొందరు కోను మధ్యలోని డస్ట్ క్యాప్ కోసి ప్లాస్టిక్ ముక్కలు దూరుస్తారు. నాకు కోయడం ఇష్టం లేదు. 30 హెర్ట్జ్ ధ్వని సన్నగా పంపుతూ, రాపిడి వినబడని చోట కోనుని నిలిపి జిగురు ఆరనిస్తాను.

ట్వీటర్ (సన్నటి ధ్వనులు పలికించేది) కాలిపోయిందని జనం అనుకునేది తరచు వెనకవైపు పాట్‌లకి (ధ్వని హెచ్చుతగ్గులు సర్దే నాబులకి) పట్టిన పచ్చటి చిలుమే. గీకి శుభ్రం చేస్తే పలుకుతుంది. కెపాసిటర్లు వయసుతో విలువ మారితే అదే విలువవి వెయ్యాలి. ఖరీదైనవి పెట్టి విల్చర్ లెక్కని 'మెరుగుపరచడం' నాకు నచ్చదు. లోపలి ఫైబర్‌గ్లాస్‌ని మాస్కు, గ్లవ్స్ వేసుకుని తీసి, తూచి, అంతే మళ్లీ నింపాలి.

చివరికి ఊఫర్ చుట్టూ పుట్టీ నొక్కి బిగించాక, కోనుని వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి వదిలాను. నింపాదిగా తిరిగొచ్చింది. చటుక్కున లేస్తే ఎక్కడో గాలి కారుతున్నట్టు.

ఈ స్పీకర్లో సుమారు 575 హెర్ట్జ్ దాకా ఊఫరే పాడుతుంది. అంటే మృదంగం తొప్పి మీద గుంకీ ఒక్కటే కాదు, ఘంటసాల గొంతులోని నిండుదనమంతా ఆ ఫోమ్ అంచు మోస్తున్నదే. డాక్టరుగారికి ఫోన్ చేశాను. మద్రాసులో కొన్న రికార్డులన్నీ తీసుకుని ఆదివారం వస్తానన్నారు.