నది గాలించిన నీలాలు

కొలంబో నుంచి ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణిస్తే, కాలు గంగ ఒడ్డున రత్నపురం వస్తుంది. పేరు విని మిలమిలలాడే నగరాన్ని ఊహించుకున్న నాకు మొదట ఎదురైనవి వరిపొలాలు, వాటి నడుమ ఆకుకప్పుల కింద బురద గుంటలు.

ఒక గుంట అంచున నిలబడి తొంగిచూశాను. గోడలు కూలకుండా దుంగలు పేర్చి, వాటి వెనుక ఆకులు దట్టంగా కూరారు. అడుగున మోకాలిలోతు నీటిలో ఇద్దరు గులకమట్టిని తవ్వి పైకి పంపుతున్నారు. పంపు ఆగితే వారికి క్షేమం లేదు. ఆ గులకపొరను సింహళంలో ‘ఇల్లం’ అంటారు. అది ఒకచోట కొద్ది అడుగులలోనే తగులుతుంది. మరొకచోట పదుల అడుగులు దిగాలి.

నీలాలు ఈ పొలాలలో పుట్టినవి కావు. ఎగువనున్న పర్వతాల శిలలలో, భూగర్భపు వేడిమికీ ఒత్తిడికీ, కోట్లాది సంవత్సరాల క్రితం రూపొందాయి. ఎండవానలకు శిల శిథిలమై మట్టి అయింది. కాఠిన్యంలో వజ్రం తరువాత చెప్పదగిన నీలం మాత్రం నిలిచింది. వాననీరు దానిని వాగులకు, వాగులు నదికి అప్పగించాయి.

బియ్యం గాలించడం మనలో చూడనివారుండరు. నీటిలో కదిపి వంచితే బియ్యం జారిపోతాయి, రాళ్లు అడుగున మిగులుతాయి. నది చేసినదీ అదే; కాకపోతే ఇక్కడ కావలసినవి రాళ్లు! మామూలు ఇసుక రేణువు నీటికంటె 2.65 రెట్లు బరువు. నీలం సుమారు 4 రెట్లు. స్వచ్ఛమైన బంగారం 19 రెట్లకు పైమాట. మలుపు లోపలి అంచున, బండల చాటున, వడి తగ్గినచోటనల్లా బరువైనది ముందు దిగుతుంది. జార్ఖండ్‌లో సువర్ణరేఖ ఇసుక కడిగి పసిడి రేణువులు ఏరేవారు నమ్ముకున్నదీ ఈ సూత్రాన్నే. పైగా, పగుళ్లున్న రాయిని ప్రవాహం దొర్లించి ముక్కలు చేస్తుంది, గట్టివే మిగులుతాయి. కాలక్రమాన నదులు దారి మార్చుకోగా, పాత గులకలపై ఒండ్రు పేరుకుంది. దానిపై వరి పండింది.

మధ్యాహ్నం కడగడం మొదలైంది. ఒక వృద్ధుడు నడుములోతు నీటిలో నిలిచి వెదురుబుట్టను గుండ్రంగా తిప్పుతున్నాడు. అనేక గుంటలలో రోజుకూలి ఉండదు. భోజనం, దొరికినదానిలో వాటా. భూస్వామికీ పెట్టుబడిదారుకూ పోగా మిగిలినది తవ్వినవారు పంచుకోవాలి. రాయి దొరకని నెలలో పంచుకునేదేమీ లేదు.

బుట్ట అడుగున మిగిలిన గుప్పెడు రాళ్లను ఆయన ఎండకు ఎత్తి పరికించాడు. గోమేధికపు పలుకులు రెండు కనిపించాయి, అంతే. బుట్ట బోర్లించి, మళ్లీ ఇల్లం నింపుకున్నాడు.