మాత్రలో సమాసం

ముప్పది యేండ్లు పిల్లలకు సమాసాలు బోధించాను. మందుబిళ్ళలో కూడా ఒక సమాసం ఉండగలదని ఏనాడూ తోచలేదు.

నా శ్రీమతికి కీళ్లవాతం. ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకోవు. కాఫీ ఫిల్టరు మూత తిప్పడానికి నన్ను పిలవవలసిందే. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. చివరకు వైద్యులు పసుపుపచ్చని మాత్ర ఒకటి వ్రాసియిచ్చారు, సల్ఫాసలజీను అని. పాత అలవాటు చొప్పున పేరును పదచ్ఛేదం చేశాను: సల్ఫా, సాలిసిలేటు. విచారించగా, పేరే గాక ఆ అణువు కూడా రెండు మందుల కూడిక అని తెలిసింది.

ఈ కూర్పు వెనుక ఉన్నవారు స్వీడను దేశపు వైద్యురాలు నన్నా స్వార్ట్స్. కీళ్లవాతానికి సూక్ష్మజీవులే కారణమని ఆనాడు పలువురి నమ్మకం. క్రిములను అణచే సల్ఫాపిరిడీనును, వాపును తగ్గించే సాలిసిలేటును ఒకే అణువుగా కూర్చితే రెండు ప్రయోజనాలూ సిద్ధిస్తాయని ఆమె ఊహ. రెండు నత్రజని పరమాణువుల వంతెనతో రసాయనవేత్తలు వాటిని కలిపారు. 1942లో ఆమె తన ఫలితాలను ప్రకటించారు. మా పరిభాషలో ఆమె తలచినది ద్వంద్వం, ఉభయపదాలకూ ప్రాధాన్యం.

దీనికి విగ్రహవాక్యం చెప్పేవి మాత్రం మన పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు. మాత్రలో అధికభాగం చెక్కుచెదరక అక్కడికి చేరగా, అవి వంతెనను తెగగొట్టి రెండు పదాలనూ విడదీస్తాయి. 1977లో ఆక్స్‌ఫర్డులో ఆజాద్ ఖాన్, ఆయన సహచరులు పెద్దప్రేగు పుండ్ల వ్యాధిగ్రస్తులకు ఆ భాగాలను వేర్వేరుగా ఇచ్చి పరీక్షించారు. గుణమిచ్చినది సాలిసిలేటు, సల్ఫా కేవలం వాహనం. ఉత్తరపదం ప్రధానం కనుక ఇది తత్పురుషం! ఆ తర్వాత ప్రేగు వైద్యులు సాలిసిలేటు భాగాన్ని మాత్రమే మెసలమీను పేరుతో ఇవ్వసాగారు.

1985లో బ్రిటిష్ పరిశోధకులు కీళ్లవాతంలో ఇదే ప్రశ్న వేయగా జవాబు తారుమారైంది. సాలిసిలేటు చాలావరకు ప్రేగులోనే నిలిచిపోతుంది. రక్తంలో కలిసే సల్ఫాపిరిడీనే అక్కడ పనిచేసింది. పూర్వపదం ప్రధానం, కనుక అవ్యయీభావం! కూర్పు ఒకటే, వ్యాధిని బట్టి అర్థం మారింది.

ఇట్టి కూర్పులన్నీ ఫలించలేదు. కడుపుకు హాని తగ్గుతుందన్న ఆశతో నాప్రోక్సెనుకు నైట్రిక్ ఆక్సైడును విడుదలచేసే భాగాన్ని జోడించి నాప్రోక్సినాడ్ అనే మందును తయారుచేశారు. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతినివ్వలేదు. కూర్చేవారి ఆశ ఒక ఎత్తు, శరీరం చెప్పే అర్థం ఒక ఎత్తు.

ఇది చదివిన నాటినుండి ఒక సంగతి నన్ను బాధిస్తున్నది. పీతాంబరమంటే పచ్చని వస్త్రమని ఒక పిల్లవాడు వ్రాస్తే, విష్ణువు కదా, బహువ్రీహి కదా అని ఎర్ర సిరాతో సున్న చుట్టాను. ప్రశ్నలో సందర్భం ఇవ్వనిది నేనే.

మూడు నెలలకు శ్రీమతి ఫిల్టరు మూత తానే తిప్పింది. రక్తపరీక్షలు తప్పడం లేదు. ముగ్గుపిండి ఇంకా వేళ్లమధ్య నిలవడం లేదు. ఈ వ్యాకరణమంతా వివరిస్తే ఆవిడ అన్నది: “ఏ పదం ప్రధానమైతేనేమండీ, ముందు ఈ గ్లాసు అందుకోండి, చెయ్యి కాలుతోంది.”