లింకన్, డగ్లస్ నిలబడ్డ ఊళ్లలో

ఇల్లినాయిలోని ఒటావా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆగస్టు ఎండ మాడ్చేస్తోంది. చికాగో శివారు అరోరాలో మా మేనల్లుడి ఇంటి నుంచి బయల్దేరిన దగ్గర్నుంచీ దారికి రెండు పక్కలా మొక్కజొన్న, సోయా చేలే. ఊరి నడుమ వాషింగ్టన్ స్క్వేర్ అనే పార్కులో ఇద్దరి కంచు విగ్రహాలున్నాయి. ఒకాయన ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. రెండో ఆయన సరిగ్గా అడుగు తక్కువ. 1858 ఆగస్టు 21న అబ్రహాం లింకన్, స్టీఫెన్ డగ్లస్ మొదటిసారి ఎదురెదురుగా నిలబడి వాదించుకున్న చోటిది.

అప్పుడు వాళ్లు పోటీపడింది అధ్యక్ష పదవికి కాదు, ఇల్లినాయి రాష్ట్రం తరఫున సెనేట్ స్థానానికి. పైగా సెనేటర్‌ని ఎన్నుకునేది జనం కాదు, రాష్ట్ర శాసనసభ. జనం నేరుగా సెనేటర్‌ని ఎన్నుకోవడం 1913లో రాజ్యాంగం మారాకే వచ్చింది. అయినా ఈ ఇద్దరూ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఏడు ఊళ్లు తిరిగి ఒకే ప్రశ్న మీద తలపడ్డారు. పడమటి కొత్త భూభాగాల్లోకి బానిసత్వాన్ని రానివ్వాలా, వద్దా?

మొదటి వక్తకు గంట. రెండో వక్తకు గంటన్నర. మళ్లీ మొదటి వక్తకు అరగంట. మూడు గంటల సేపు జనం నిలబడే విన్నారు. ఆ సభల పాఠమంతా ఉన్న పుస్తకం నా సంచీలో ఉంది. ప్రతి ఊళ్లోనూ ఆ ఊరి ప్రసంగాన్ని పైకి చదవాలన్నది నా పట్టుదల. డగ్లస్ వంతు మా మేనల్లుడు తీసుకున్నాడు, లింకన్ వంతు నేను.

"మావయ్యా, 2024 జూన్‌లో బైడెన్, ట్రంప్ చర్చ మొత్తం గంటన్నరే. జవాబుకి రెండు నిమిషాలు, అంతే" అన్నాడు వాడు చెట్టు నీడలో కూర్చుంటూ. పౌరసత్వం వచ్చాక వాడు అధ్యక్ష పదవికి మొదటిసారి ఓటేసిన ఎన్నిక అది. 1960లో ఇదే రాష్ట్రంలో, చికాగో టీవీ స్టూడియోలో కెన్నెడీ, నిక్సన్ తలపడినప్పుడు తొలి పలుకులకు చెరి ఎనిమిది నిమిషాలిచ్చారు. గంట నుంచి ఎనిమిది నిమిషాలకు, అక్కడి నుంచి రెండుకు! రెండు నిమిషాల్లో ఎదుటివాణ్ణి గట్టిగా ఒక మాట అనవచ్చు. తన వాదానికి కారణం చూపడం మాత్రం కుదరదు. నాకు దిగులు కలిగించేది అదే.

అలాగని 1858 సభలు పవిత్రమైనవని చెప్పను. డప్పులు, ఊరేగింపులు, మధ్యలో కేకలు అన్నీ ఉన్నాయి. డగ్లస్ నల్లజాతివారిని పదేపదే నీచమైన మాటతో పిలిచి జనాన్ని రెచ్చగొట్టాడు. పత్రికలు కూడా పక్షాలు కట్టాయి. చికాగో ప్రెస్ అండ్ ట్రిబ్యూన్ లింకన్ వైపు, చికాగో టైమ్స్ డగ్లస్ వైపు. ఎవరి మనిషి ప్రసంగాన్ని వాళ్లు చక్కగా సర్ది అచ్చేసి, రెండోవాడి మాటల్ని గజిబిజిగా వదిలేశారనే నింద రెండు పక్షాల మీదా పడింది. కానీ రెండు పత్రికలూ షార్ట్‌హ్యాండ్ రాసేవాళ్లను వేదిక దగ్గర కూర్చోబెట్టాయి. ఒక ఊళ్లో అన్న మాట పక్క ఊరికి అచ్చులో చేరిపోయేది.

ఆ సంగతి ఎంత పెద్దదో గేల్స్‌బర్గ్‌లో తెలిసింది. ఇది బానిసత్వాన్ని వ్యతిరేకించిన వాళ్లు కట్టుకున్న ఊరు. లింకన్ జీవితచరిత్ర రాసిన కవి కార్ల్ సాండ్‌బర్గ్ పుట్టింది కూడా ఇక్కడే. ఏడు సభల నాటి కట్టడాల్లో ఇంకా నిలిచి ఉన్నది ఇక్కడి నాక్స్ కళాశాల ఓల్డ్ మెయిన్ ఒక్కటే. అక్టోబరు 7న ఈదురుగాలి వీస్తుంటే వేదికను ఈ భవనం తూర్పు గోడకు ఆనించి వేశారట. ఎర్ర ఇటుకల గోడ. వక్తలు కిటికీలోంచి దూరి వేదిక మీదికి వచ్చారని ఇక్కడ అందరూ చెబుతారు. బడి చదువు సరిగా లేని లింకన్, మొత్తానికి నేనూ కాలేజీ గుండా వచ్చానని అన్నాడని కూడా.

మనుషులంతా సమానులన్న స్వాతంత్ర్య ప్రకటనలో నల్లవాళ్లు కూడా ఉన్నారని లింకన్ ఇక్కడ గట్టిగా వాదించాడు. చప్పట్లు మోగాయి. కానీ అంతకు ముందే డగ్లస్ ఒక బాణం వేశాడు. లింకన్ ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఇంకొకటి మాట్లాడతాడని చెప్పి, అంతకు ముందటి చార్ల్స్‌టన్ సభలో లింకన్ చేసిన ప్రసంగం తీసి చదివి వినిపించాడు. ఆ పేజీ చదివాక చార్ల్స్‌టన్ చూడకుండా వెనక్కి వెళ్లలేననిపించింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాత్రికి ఆగాం. లింకన్ ఇల్లు, సమాధి, పాత శాసనసభ భవనం అక్కడే ఉన్నాయి. 2007 ఫిబ్రవరిలో ఒబామా అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించింది ఆ భవనం ముందే. వాటి గురించి చాలామంది రాశారు కనుక ముందుకు వెళతాను.

చార్ల్స్‌టన్‌లో సభ జరిగిన సంత మైదానంలోనే ఇప్పుడొక చిన్న మ్యూజియం ఉంది. సెప్టెంబరు 18న ఇక్కడ మొదట మాట్లాడింది లింకన్. ఆయన తండ్రి స్థిరపడిన ప్రాంతం ఇది, సవతి తల్లి అప్పటికి ఇక్కడే ఉంది. వినేవాళ్లలో చాలామంది దక్షిణాది మూలాలున్నవాళ్లు. ప్రసంగం మొదట్లోనే లింకన్ అన్నాడు: తెల్ల, నల్ల జాతుల మధ్య సామాజిక, రాజకీయ సమానత్వం తేవాలన్నది తన ఉద్దేశం కాదట. నల్లవాళ్లకు ఓటు, జ్యూరీలో చోటు, పదవులు ఇవ్వాలని తాను కోరడం లేదట. అక్కడ చప్పట్లు పడ్డట్టు పుస్తకంలో రాసి ఉంది.

చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో పరిచయమైన లింకన్‌ని నేను ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను. ఆ వాక్యాలు ఆ నేల మీద నిలబడి పైకి చదువుతుంటే గొంతు పట్టేసింది. ఆ రోజుల్లో అలా అనకపోతే ఓట్లు రావని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఆ సమాధానం నాకు చాలదు. ఎన్నికల కోసం అన్నా, నమ్మి అన్నా, ఆ మాటలు దెబ్బతీసింది మనుషులనే.

చివరి సభ జరిగిన ఆల్టన్ మిసిసిపీ ఒడ్డున ఉంది. అవతలి గట్టు మిసోరీ, అప్పట్లో బానిసత్వం ఉన్న రాష్ట్రం. బానిసత్వానికి వ్యతిరేకంగా రాసిన పత్రికా సంపాదకుడు ఎలైజా లవ్‌జాయ్‌ను 1837లో ఒక మూక కాల్చి చంపింది ఈ ఊళ్లోనే. తన అచ్చుయంత్రాన్ని కాపాడుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడాయన. అలాంటి చోట, అక్టోబరు 15న, ఇదంతా మంచికీ చెడుకూ మధ్య ఎడతెగని పోరని లింకన్ చెప్పాడు. ఒకడు చెమటోడ్చి సంపాదిస్తే ఇంకొకడు కూర్చుని తినడమే ఆ చెడు అన్నాడు. చార్ల్స్‌టన్ తర్వాత ఈ మాటలు చదవడంతో అవి నాకు ఇంకా బరువుగా వినిపించాయి.

శాసనసభలో డగ్లస్ 54–46తో గెలిచాడు. ఓడిన లింకన్ పత్రికల్లో వచ్చిన ప్రసంగాలను కత్తిరించి ఒక పుస్తకంలో అంటించుకున్నాడు. తన ప్రసంగాలను తన పక్షపు పత్రిక నుంచి, డగ్లస్‌వి డగ్లస్ పక్షపు పత్రిక నుంచి తీసుకున్నాడు. 1860లో అది ఒహాయోలో అచ్చయి, అధ్యక్ష ఎన్నికలో ఆయనకు బలమైన ప్రచారమైంది. నలుగురి పోటీలో నూటికి నలభై ఓట్లు కూడా రాకుండానే ఆయన గెలిచాడు. ఆ పుస్తకంలో చార్ల్స్‌టన్ మాటలు కూడా ఉన్నాయి. వాటిని ఆయన దాచలేదు. ఈ దేశంలో అధ్యక్ష పదవి కోరే ప్రతివాడి నుంచీ నేను కోరేది ఇదే: పూర్తిగా మాట్లాడు, మాట్లాడిందంతా అచ్చులో ఉండనీ.

ఆల్టన్‌లో ఆఖరి అరగంట డగ్లస్‌ది. అంటే ఏడు సభల్లో ముగింపు మాట ఆయనదే. చీకటి పడుతోంది, ఆకలేస్తోంది, ఇంటికి చాలా దూరం ఉంది. "ఇది వదిలేద్దామా మావయ్యా?" అని అడిగాడు మా వాడు. వద్దన్నాను. లింకన్ గంటన్నర విన్నాక డగ్లస్ అరగంట వినకపోతే ఎలా? వాడు ఫోన్ దీపం వెలుగులో చివరి పేజీ దాకా చదివాడు.