హంద్రీ ఒడ్డున ఐదేండ్ల లెక్క

కర్నూలు బస్టాండులో దిగి కల్లూరు అన్నామనుకోండి, ఆటో అతను 'కల్లూరులో యాడ సార్?' అంటాడు. నిజమే, హంద్రీ దాటాక ఇప్పుడు ఉన్నదంతా కల్లూరే. ఎస్టేటు, కాలనీలు, అపార్ట్‌మెంట్లు, కోచింగ్ బోర్డులు. నగరపాలక సంస్థ కర్నూలుది, ఓటేమో పాణ్యం నియోజకవర్గానిది. ఆ పాణ్యం 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది, కల్లూరు మాత్రం కర్నూలు జిల్లాలోనే ఉండిపోయింది. ఇక్కడివాళ్లు దీన్ని పెద్ద వింతగా ఏం అనుకోరు.

పాత కల్లూరు చూడాలంటే చౌడేశ్వరమ్మ గుడి దగ్గరికి పోవాలి. ఉగాది వేళ గుడి చుట్టూ బురద చేసి అందులో ఎద్దుల బండ్లు, గాడిదలు తిప్పుతారు. చిన్నప్పుడు నేను అక్క చేయి పట్టుకుని ఆ బురద మీద పడకుండా నిలబడి చూసేవాడిని. ఈసారి వచ్చింది జాతరకు కాదు. మేనకోడలికి జేఈఈ ర్యాంకు వచ్చింది, జోసా కౌన్సెలింగుకు ఆప్షన్లు పెట్టుకోవాలి.

'నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పల్ల' అంది అక్క, ఉగ్గాని ప్లేటు చేతికిస్తూ. పక్కన మిరపకాయ బజ్జీలు. తింటూ ఉంటే బావ కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉల్లి మండీలో గుమాస్తాగిరీ ఆయనది, అంకెలంటే భయం లేదు. 'ఇదేంది, ఒకే బ్రాంచి రెండు సార్లు ఉంది? ఒకదానికి నాలుగేండ్లు, ఇంకోదానికి ఐదేండ్లు?'

అదే అసలు చిక్కు. మన ఊళ్లలో 'డబుల్ డిగ్రీ' అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల చదువులు కలిసిపోయాయి. పక్కింటి పిల్లవాడు ఇడుపులపాయలో ఆరేళ్లు చదువుతున్నాడు, అదీ డబులే అంటారు. కాదు. ట్రిపుల్ ఐటీల్లో పది తర్వాత రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. చేతికొచ్చే ఇంజనీరింగ్ పట్టా ఒకటే. ఇంకొకరు మద్రాస్ ఐఐటీ వారి ఆన్‌లైన్ బీఎస్‌ను కాలేజీతో పాటే చేస్తారు. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు అనుమతి ఇచ్చాక అది తేలికైంది. బిట్స్‌లో ఎమ్మెస్సీతో చేరినవాళ్లకు మొదటి ఏడాది మార్కులను బట్టి ఇంజనీరింగ్ బ్రాంచి వస్తుంది. ఆ ఫీజు మనకు అందదు గనక దాని ఊసు వదిలేశాం.

పాప ముందున్నది ఐదేళ్ల బీటెక్, ఎంటెక్. ఈసీఈ కావాలంటోంది. ఒక దారి ఇంటి దగ్గర జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీడీఎంలో నాలుగేళ్లు. రెండో దారి కాంచీపురం ట్రిపుల్ ఐటీడీఎంలో ఐదేళ్ల డ్యూయల్. పేరు కాంచీపురమే గానీ క్యాంపస్ చెన్నై శివారులో, వండలూరు–కేళంబాక్కం రోడ్డు మీద ఉంది. తమాషా ఏమంటే, 2015లో మన కర్నూలు సంస్థ పుట్టినప్పుడు తొలి తరగతులు ఆ క్యాంపస్‌లోనే జరిగాయి.

'పెద్ద పేరున్న చోట దొరుకుతుంటే ఐదేండ్లయితే ఏమి?' అన్నాడు బావ. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ మాట ఏడేళ్ల కింద ఇదే ఇంట్లో నేను అన్నదే, ఇంటి పెద్దోడి విషయంలో. అదే బ్రాంచి నాలుగేళ్ల సీటు కంటే డ్యూయల్ సీటు చాలాచోట్ల కాస్త కింది ర్యాంకుకు దొరుకుతుంది. అది చూసి వాణ్ని తోశాను. వాడికి అమెరికాలో ఎమ్మెస్ చేయాలని ఉండేది, ఒకసారి కూడా అడగలేదు. నాలుగో ఏట తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరుతుంటే బీటెక్ తీసుకుని బయటికి పోతానన్నాడు. ఆ కాలేజీలో ఐదేళ్లు నిండితేనే రెండు పట్టాలూ కలిపి ఇస్తారని అప్పుడు తెలిసింది. చేరేముందు రూలు చదవాల్సింది నేనే. ఐదో ఏడాది హాస్టలు ఖర్చుకు బావ వడ్డీకి తెచ్చాడు. ఆ సంగతి అక్క ఎప్పుడూ ఎత్తదు. ఎత్తకపోవడమే నాకు గుచ్చుకుంటుంది.

సాయంత్రం పాపను తీసుకుని హంద్రీ మీది అక్విడక్టు వైపు నడిచాను. కింద నది సన్నగా, పైన కేసీ కాలువ. 1860ల్లో మద్రాసు కంపెనీ దీన్ని సాగుకూ పడవలకూ రెండు పనులకని తవ్వింది. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనేసింది. పడవలు ఎప్పుడో పోయాయి. నీళ్లు మాత్రం కడప దాకా పారుతున్నాయి.

'నీకేం చేయాలని ఉంది?' అన్నాను.

'చిప్ డిజైన్ అంటే ఇష్టం మామా. కానీ నాలుగేండ్ల తర్వాత కూడా ఇష్టముంటుందో లేదో ఎట్ల చెప్పేది?'

పదిహేడేళ్ల పిల్ల అడగాల్సిన ప్రశ్న అదే. డ్యూయల్‌లో ఎంటెక్ స్పెషలైజేషన్ చాలాచోట్ల చేరేరోజే ఖాయమవుతుంది. పీజీ కోర్సులు నాలుగో ఏట మొదలై, ఐదో ఏడాదంతా ప్రాజెక్టే. పరిశోధన మీద మనసున్నవాళ్లకు ఏడాది కలిసొస్తుంది, విడిగా చేస్తే ఆరేళ్లు. విడిగా చేయడంలో ఇంకో సుఖం ఉంది. గేట్ రాసి వేరే సంస్థకు, వేరే స్పెషలైజేషన్‌కు మారొచ్చు, నెలకు 12,400 రూపాయల స్టైపెండూ వస్తుంది. డ్యూయల్ పిల్లలకు ఐదో ఏట ఏమైనా ఇస్తారా అన్నది ఆ సంస్థనే అడగాలి.

రాత్రి బావ జేబులోంచి ఒక కాటా చీటీ తీసి వెనక్కి తిప్పాడు. ఏడాదికో గడి గీశాను. ఫీజు, హాస్టలు, ఏ ఏట బయటికి రావొచ్చు, ఏ ఏట జీతం. నాలుగో గడి దగ్గర పాప పెన్ను లాక్కుంది. 'బీటెక్ తీసుకుని ఇక్కడ దిగిపోనిస్తారా' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అక్కడి అకడమిక్ ఆఫీసుకు మెయిల్ కూడా తనే టైపు చేసింది. జవాబు వచ్చేదాకా గట్టు మీది నాలుగేళ్ల సీటు పైన, కాంచీపురం డ్యూయల్ కింద. లాక్ చేయడానికి ఇంకా రెండు రోజులుంది.

తెల్లారి నేను బస్సుకు బయల్దేరుతుంటే బావ ఆ చీటీ కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. దాని ముందు వైపు నిన్నటి ఉల్లి తూకాలున్నాయి, యార్డులో చూపించాలట. పాప దాన్ని తన పుస్తకంలో పెట్టుకుని నిద్రపోతోంది.

'ఫొటో తీసుకుని పో బావా' అన్నాను.