బాగేపల్లి దారిలో వేడి ముల్లు

చిక్కబళ్లాపురం నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే బోర్డులన్నీ కన్నడం, టీ అంగట్లో మాటలన్నీ తెలుగు. మా పాత మారుతి 800లో ఆ దారినే బాగేపల్లి పోయి, అక్కణ్ణుంచి చింతామణికి పోవాల, చుట్టాల ఇంటికి.

తెల్లారి తాళం తిప్పంగానే వేడి మీటరు ముల్లు హెచ్ మీదికి పోయి నిలబడింది. రాత్రంతా చలిలో ఉన్న బండికి వేడి ఎక్కడిది? చిక్కబళ్లాపురంలో ఒక మెకానిక్కు మాత్రం "గాస్కెట్ పోయింది, ఇంజను విప్పాల" అన్నాడు. అంటే మిల్లు బోనసంతా అక్కడికే. వద్దనేసి, చల్లగున్నప్పుడే రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండుగా ఉన్నాయని చూసుకొని బయల్దేరినాం.

బాగేపల్లిలో ముసలాయన ఒకాయన ఇంజను మీది సెండరు వైరు పీకినాడు. "ఇప్పుడు ముల్లు చల్లవైపు పడాల కదన్నా" అన్నాడు. పడలేదు. పడుంటే సెండరే మార్చాల్సొచ్చేది. తర్వాత మీటరు వెనక పీకితే పడింది! మీటరూ మంచిదే, నడుమ వైరే ఎక్కడో బాడీకి తగులుతోంది. వెదికితే, రేకు సందులో రాసుకొని తొడుగు అరిగిపోయింది. టేపు చుట్టి, రేకుకు దూరంగా కట్టినాడు.

"ముల్లు పైకి పోతే మనమే భయపడి నిలబెడతాం. నీళ్లు తగ్గి సెండరు మునక్కపోతే, ఇంజను ఉడుకుతున్నా ముల్లు కిందే ఉంటుంది. దానికి భయపడాల" అన్నాడు. మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసినోళ్లకు ఈ మాట కొత్త కాదు.

టేపు డబ్బులే తీసుకున్నాడు. చింతామణి దాకా టమోటా లారీల వెనకే పోయినాం. ముల్లు మెల్లగా మధ్యకొచ్చి అక్కడే ఉండింది.