రెండు మిల్లీమీటర్ల తప్పు

మా నాన్న ఆర్‌ఎక్స్ 100 కొన్నది 1994లో. అంటే నాకంటే ముందే ఆ బండి మా ఇంటికొచ్చింది. "నా పెద్దకొడుకు అదేరా, నువ్వు రెండోవాడివి" అని ఏడిపించేవాడు. మోకాళ్ల నొప్పులొచ్చాక కిక్ కొట్టడం మానేశాడు. రెండేళ్లు మెట్ల కిందే పడుంది. పోయినేడాది "నేను రెడీ చేస్తా నాన్నా" అన్నా. తాళం చేతిలో పెట్టి "జాగ్రత్త" అన్నాడు. అంతే.

ఉత్త రిపేరైతే మజా ఏముంది? కాస్త కస్టమ్‌గా చేద్దామని, వీడియోలు చూసి వేరే పిస్టన్ తెప్పించా. పిన్ ఇంకో చోట కొన్నా. లావు సరిపోయింది కానీ పొడవు రెండు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది.

తెలియనివాళ్లకి చెప్తా. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌తో కలిపే చిన్న ఉక్కు గొట్టమే పిస్టన్ పిన్. అది పక్కకి జారకుండా రెండు చివర్లా తీగలాంటి సర్‌క్లిప్పులుంటాయి. షెడ్డులో లాకులంటారు. ఇంజిన్ 7500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే పిస్టన్ సెకనుకి 125 సార్లు పైకెళ్లి కిందకొస్తుంది. ఆ దెబ్బలన్నీ పడేది ఈ పిన్ మీదే.

అలాంటిదాన్ని ఇంట్లో హ్యాండ్ గ్రైండర్‌తో కోసేశా. చివర నీలం రంగు తిరిగింది. చూడ్డానికి భలే ఉందనుకున్నా! వెర్నియర్ లేదు, స్కేలుతో కొలిచా. లాకులు కూర్చున్నాయి. బండి స్టార్టయ్యింది. ఆ సౌండ్‌కి నాన్న గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు నా అంత మొనగాడు లేడు.

మర్నాడు బందరు రోడ్డెక్కా. కంకిపాడు దాటాక ఇంజిన్‌లో టకటకమని చప్పుడు. పట్టించుకోలేదు. కాసేపటికి కీచుమని ఇంజిన్ పట్టేసింది. చెయ్యి దానంతటదే క్లచ్ మీదకెళ్లింది. లేకపోతే వెనక చక్రం బిగుసుకుపోయి, నేను లారీల మధ్య పడేవాణ్ణి.

ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన బాబాయ్ షెడ్డుకి తెచ్చా. హెడ్ విప్పి, సిలిండర్ లాగి చూశాడు. ఒక లాక్ ముక్కలైంది. సిలిండర్ గోడ మీద పొడుగ్గా గీత.

"ఈ పిన్ కోసిందెవడు?"

"నేనే బాబాయ్."

తిట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టాడు. "దీనికి పైతోలే గట్టిగా ఉంటుందబ్బాయ్. లోపల కాస్త మెత్తన. అందుకే పైన అరగదు, లోపల విరగదు. నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. పైగా వంకరగా కోశావు, ఎక్కువ కోశావు. సందు దొరికితే పిన్ అటూ ఇటూ ఆడుతూ లాక్‌ని సుత్తిలా కొడుతుంది."

మరి పొడవు తగ్గించాలంటే? కూలెంట్ పోస్తూ సర్ఫేస్ గ్రైండర్ మీద కొంచెం కొంచెంగా పట్టాలి. చివర్లు తిన్నగా రావాలి, అంచుల పదును తీసెయ్యాలి. బయటి లావు మాత్రం అస్సలు ముట్టుకోకూడదు, పైతోలు లేచిపోతుంది. ఒకసారి విప్పిన లాక్ మళ్లీ వాడకూడదు. లాక్ నోరు పైకో కిందకో ఉండాలి. బిగించేటప్పుడు కింద క్రాంక్ కేస్ నోట్లో గుడ్డ కుక్కాలి, లాక్ జారి లోపల పడితే ఇంజినంతా విప్పాల్సిందే. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇదంతా.

గీత పోవడానికి సిలిండర్‌ని 0.50 సైజుకి బోర్ చేయించాం. ఈసారి పిస్టన్, పిన్, లాకులు ఒకే సెట్.

ఇంటికెళ్లి నాన్నకి మొత్తం చెప్పేశా. బండి గురించి అడుగుతాడనుకున్నా.

"టైముకి క్లచ్ పట్టావా?"

"పట్టాను."

కాసేపు మాట్లాడలేదు. లేచెళ్లి, టేబుల్ సొరుగులోంచి తన పాత వెర్నియర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అది ఇంట్లోనే ఉందని నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు మరి.