బ్రేకు షూ

బండి నడవటం గొప్ప కాదు, ఆగటం గొప్ప. ఈ సంగతి మోటారు బళ్లవాళ్ల కంటే ముందు ఎద్దులకి తెలుసు. మా ఊరి నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దిమ్మలేసుకుని వెళ్లే ఎడ్లబళ్లకి బ్రేకనేది ఉండేది కాదు. పల్లంలోకి దిగేటప్పుడు బరువంతా ఎద్దుల మెడల మీదే. అవి కాళ్లు తన్నిపెట్టి వెనక్కి పట్టుకుంటేనే బండి నిలిచేది. మెడ మీద తోలు లేచిపోయి పుండు పడేది. ఊరు కూడా అలాంటి బండే. నడిచినంత సేపూ అందరిదీ. ఆపాల్సొచ్చినప్పుడు మాత్రం మా మెడలు కావాలి.

మేం మాదిగలం. మా అయ్య చెప్పులు కుట్టేవాడు. ఎద్దులకి మెడపట్టీలు, తోలుకునేవాళ్లకి చెర్నాకోలలు చేసేవాడు. లంద వాసన, తంగేడు చెక్క వాసన, అదే మా ఇంటి వాసన. ఆ వాసన పేరు చెప్పి మమ్మల్ని ఊరికి దూరంగా పెట్టారు గానీ, ఆ తోలు కాళ్లకేసుకుని గుడి మెట్ల దాకా నడిచేవారు. చెప్పు గుమ్మం బయట. చెప్పు కుట్టినోడు ఊరి బయట.

నేను ఆరె పట్టుకుంటే మా అయ్య చేతి మీద కొట్టేవాడు. "ఒరే, ఇది నాతోటే ఆగిపోవాల. నువ్వు పుస్తకం పట్టుకో" అనేవాడు. రంపె ఎలా పట్టాలో, తోలు ఎక్కడ పల్చబడిందో వేలితో ఎలా కనిపెట్టాలో నాకు నేర్పలేదు. నేర్పకపోవడమే ఆయన నాకిచ్చిన ఆస్తి. మా ఇంటా వంటా లేని డిగ్రీ నాకొచ్చింది. గవర్నమెంటు స్కూల్లో ఫిజికల్ సైన్సు పాఠాలు చెప్పుకుంటున్నాను.

పోయినేడు ఓ పాత ఆల్టో కొన్నాను. పాడేరు ఘాట్ రోడ్డులో మాడుగుల వైపు దిగుతుంటే ముందు చక్రాల్లోంచి కీచుమని చప్పుడు మొదలైంది. బ్రేకు తొక్కితే ఎక్కువవుతోంది. ఘాట్లో బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచకూడదు. వేడెక్కి పట్టు వదిలేస్తుంది. రెండో గేర్లో పెట్టి, ఇంజన్నే బండిని పట్టుకోనిచ్చి మెల్లగా దిగాను. ఆ చప్పుడు ఊరికే రాదు. కొన్ని ప్యాడ్లకి చిన్న రేకు ముక్క పెడతారు. ప్యాడు అరిగిపోయాక ఆ రేకు డిస్కుని గీరుకుని అరుస్తుంది. ఎద్దుకైతే ఆ రేకు కూడా లేదు.

ఆదివారం ఇంటి ముందు చదును నేల మీద పెట్టి పని మొదలెట్టాను. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం వేశాను. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. లేపాక తిప్పబోతే చక్రమే తిరుగుతుంది. ఒక్క జాకీని నమ్ముకోకూడదు. కింద స్టాండు పెట్టాను. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందకి తోశాను. జారినా మనిషి మీద పడదు.

మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంత సదివించింది మల్లీ మసి పూసుకోడానికేట్రా?"

"మన బండే కదమ్మా."

"మన బండైతే మాత్రం. ఈదిలో అందరూ సూత్తన్నారు."

మా అమ్మ భయం మసి గురించి కాదు, చూసేవాళ్ల గురించి. ఆ భయం ఊరికే పోలేదు. ఆ వీధిలోనే ఉండే ఓ రిటైరైన పెద్దాయన వాకింగు చేసుకుంటూ ఆగాడు. నవ్వుతూనే అన్నాడు. "ఎంతైనా పనితనం మీవాళ్ల రక్తంలోనే ఉంటుంది మాస్టారూ!" నెల కిందట ఆయన మనవడు మోటారు సైకిలు విప్పుకుని కూచుంటే, అందరికీ పిలిచి చూపించాడు. అది హాబీ అట. వాడి చేతికంటిన మసి తెలివి, నా చేతికంటిన మసి కులం.

"మా అయ్య నాకు ఏ పనీ నేర్పలేదండి. మీ మనవడిలాగే యూట్యూబులో చూసి నేర్చుకున్నాను" అన్నాను. ఆయన వాకింగుకి టైమైపోయింది.

కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి లేపాను. దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకూడదు, గొట్టం దెబ్బతింటుంది. తీగతో కట్టాలి. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. లోపలి దుమ్ముని నోటితో ఊదబోయింది, వద్దన్నాను. బ్రేకు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పాత రకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కలిపేవారు, అది కేన్సరు తెచ్చే సరుకు. తడిగుడ్డతో తుడిచాను.

ఎడమ చక్రంలో లోపలి ప్యాడు ఇనుప రేకు దాకా అరిగిపోయింది. బయటి ప్యాడు ఇంకా సగం ఉంది. కాలిపర్ అటూ ఇటూ జరగాల్సిన పిన్ను తుప్పుపట్టి బిగుసుకుంది. రెండూ సమానంగా మోయాల్సిన ఒత్తిడి ఒక్కటే మోసింది. బయట నుంచి చూసేవాళ్లకి బయటి ప్యాడే కనపడుతుంది. అంతా బాగుందనుకుంటారు.

పిన్ను శుభ్రం చేసి గ్రీజు రాశాను. గ్రీజు పిన్నుకే. డిస్కుకీ ప్యాడుకీ చుక్క తగిలినా బండి ఆగదు. తర్వాత డిస్కు చూశాను. పగుళ్లు లేవు. బాగా కాలితే వచ్చే నీలం మచ్చలు లేవు. గోరుతో గీస్తే ఆగేంత లోతు గాళ్లు లేవు. డిస్కు ఎంత దాకా అరగొచ్చో దాని మీదే అచ్చు గుద్ది ఉంటుంది. అంచున అరగని మెట్టు మిగులుతుంది కాబట్టి వెర్నియరు పెడితే ఆ మెట్టు మందమే చూపిస్తుంది. స్క్రూగేజితో లోపల నాలుగైదు చోట్ల కొలిచాను. ఇంకా పనికొస్తుంది. రాకపోతే రెండు వైపులా డిస్కులు మార్చాలి. ప్యాడ్లయితే ఎప్పుడూ రెండు చక్రాలకీ కలిపే. లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది.

పిస్టన్ని క్లాంపుతో మెల్లగా వెనక్కి నొక్కి, పైన బ్రేకు ఆయిలు పొంగకుండా చూసుకుని, కొత్త ప్యాడ్లు వేశాను. నట్లు ఎదురూ బొదురూ బిగించాను. బండి కదిపే ముందు పెడలు గట్టిపడే దాకా తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటిసారి తొక్కినప్పుడు కాలు కిందికంటా పోతుంది, బండి ఆగదు. మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు గట్టి బ్రేకు పనికిరాదు. కొత్త ప్యాడు డిస్కుతో కుదురుకోవాలి.

ఈ పని కోసం చదువుతుంటే ఓ సంగతి తెలిసింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ, మొగుడు కార్ల్ బెంజ్ చేసిన మోటారు బండిలో, ఇద్దరు కొడుకుల్నేసుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాట. దారిలో కొండ దిగుడుల్లో బ్రేకు చెక్కలు అరిగిపోయాయి. బౌష్‌లోట్ అనే ఊళ్లో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి, ఆ చెక్కల మీద తోలు కొట్టించుకుంది. మోటారు బండికి మొట్టమొదటి బ్రేకు లైనింగు అదేనంటారు. ఆమెకి దారిలో ఇంధనం అమ్మిన వీస్‌లోఖ్ మందుల షాపు ముందు ఇవాళ స్మారకం ఉంది. చెప్పులు కుట్టినాయన్ని చాలా పుస్తకాలు "ఓ చెప్పులు కుట్టేవాడు" అని దాటేస్తాయి.

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ కథా అంతే. డెర్బీషైర్ కొండల్లో గుర్రబ్బళ్లవాళ్లు పాత బూట్లనే చక్రానికి అడ్డంపెట్టి ఆపుకోవడం చూసి, 1897లో బ్రేకు లైనింగుల వ్యాపారం మొదలెట్టాడని చెప్తారు. ఫెరోడో కంపెనీ అదే. మా ఆల్టో వెనక చక్రాల డ్రమ్ముల్లో ఉండే భాగాన్ని ఇప్పటికీ షూ అనే అంటారు. ప్రపంచమంతా బండిని ఆపుతున్నది ఓ చెప్పు పేరుతో.

కులమంటే పనిని పంచడం కాదు, పనిచేసేవాళ్లని విడదీసి మెట్లమీద కూచోబెట్టడం అని 1936లోనే అంబేడ్కర్ "కుల నిర్మూలన"లో తేల్చాడు. మా అయ్య అది చదవలేదు. తోలు మీద కోపంతో ఆయన నన్ను ఆరె ముట్టుకోనివ్వలేదనుకుంటే పొరపాటు. నేను ఆరె పడితే ఇంకేదీ పట్టనివ్వరని తెలిసి కొట్టాడు. ఇవాళ నేను పానా పట్టుకున్నా నా డిగ్రీ నాతోనే ఉంది. కావాలంటే పడతాను, వద్దంటే దించుతాను. ఆయనకి లేనిది ఈ దించే హక్కే.

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు ఆ అరిగిన ప్యాడు పట్టుకెళ్లాను. పిల్లల చేతుల్లోంచి చేతుల్లోకి తిరిగింది. బౌష్‌లోట్ కథ చెప్పాను. వెనక బెంచీలో ఒకడున్నాడు, వాళ్ల నాన్న రోడ్డు పక్క గొడుగు కింద చెప్పులు కుడతాడు. క్లాసులో నోరు విప్పడు. ఆ ప్యాడుని అందరికంటే ఎక్కువసేపు పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, లేచి అడిగాడు.

"మాస్టారూ, ఆవిడ డబ్బులిచ్చిందా?"

మా అయ్య బతికుంటే ఆయనా ముందు ఇదే అడిగేవాడు. ఏడాదంతా చెప్పులు కుట్టిపెట్టి, గింజల కోసం కళ్లాల చుట్టూ తిరిగినోడు కదా.